1977 సీజన్ లెక్క గురించి ఏటీపీ పాలకమండలికి బహిరంగ లేఖ

అసోసియేషన్ ఆఫ్ టెన్నిస్ ప్రొఫెషనల్స్ పాలకమండలి అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం.

మీ రికార్డుల ప్రకారం 1977 సంవత్సరాంతానికి పురుషుల టెన్నిస్‌లో ప్రపంచ నంబర్ వన్ జిమ్మీ కానర్స్. అదే ఏడాదికి మీ సంస్థ ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నది బ్యోర్న్ బోర్గ్. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, అమెరికన్ ఓపెన్ రెండూ గెలిచి, ఏడాది పొడవునా టోర్నీల్లో వచ్చిన పాయింట్లను కూడే గ్రాండ్ ప్రి పట్టికలో అగ్రస్థానంలో నిలిచి, ‘వరల్డ్ టెన్నిస్’ పత్రిక చేత ఆ సీజన్‌కు మొదటి ర్యాంకు పొందిన అర్జెంటీనా ఆటగాడు గిలెర్మో విలాస్‌కు మీ జాబితాలో దక్కింది రెండో స్థానం. ఆ ఏడాది సంగతి అలా ఉంచితే, తన ఆట జీవితం మొత్తంలో విలాస్ ఒక్క వారమైనా నంబర్ వన్‌గా ఉన్నట్టు మీ పుస్తకాల్లో లేదు. ఆ లెక్కను మరోసారి తెరిచి చూడమని అడగడానికే ఈ లేఖ.

దీని ఆంగ్ల ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో బహిరంగంగా రాయడానికి కారణం ఉంది. అర్జెంటీనా ఆటగాడి కోసం అర్జెంటీనావాళ్ళు అడిగితే దాన్ని దేశాభిమానం కింద జమకట్టి పక్కన పెట్టడం తేలిక. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఈ ఆటను అనుసరించే మాలాంటివాళ్ళకు కానర్స్ మీదా, బోర్గ్ మీదా, విలాస్ మీదా ప్రాంతాభిమానం ఏమీ లేదు. 1977లో మా ఇళ్ళల్లో టీవీలే లేవు. ఆ సీజన్ గురించి ఇక్కడ ఎవరికి ఏం తెలిసినా అది మీరు భద్రపరిచిన అంకెల ద్వారానే తెలుస్తుంది. అందుకే ఆ అంకెలు ఎలా తయారయ్యాయో అడిగే హక్కు మాకూ ఉందని అనుకుంటున్నాను.

ముందుగా సీజన్ సంగతి. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్ళి విలాస్ రోస్కో టానర్ చేతిలో ఓడాడు. అది గ్రాస్ కోర్టు; మట్టి మీద తప్ప ఆడలేడని పేరుపడిన ఆటగాడు అక్కడ ఫైనల్ చేరడమే చెప్పుకోదగ్గ విషయం. పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో బ్రయాన్ గాట్‌ఫ్రెడ్‌ను 6-0, 6-3, 6-0తో, అంటే మొత్తం మ్యాచ్‌లో మూడే మూడు గేములిచ్చి ఓడించాడు. వింబుల్డన్‌లో మూడో రౌండ్లోనే ఇంటిముఖం పట్టాడు. దాన్ని దాచవలసిన పని లేదు. ఆ తర్వాత మొదలైన పరంపరకు మాత్రం ఆ రోజుల్లో సాటి లేదు. కిట్జ్‌బ్యూల్, వాషింగ్టన్, లూయీవిల్, సౌత్ ఆరెంజ్, కొలంబస్ టోర్నీలను వరుసగా గెలుచుకుంటూ వచ్చి, సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్‌లో అమెరికన్ ఓపెన్ గెలిచాడు.

ఆ ఫైనల్ దగ్గర కాసేపు ఆగాలి. అది ఫారెస్ట్ హిల్స్‌లో జరిగిన ఆఖరి అమెరికన్ ఓపెన్. మరుసటి ఏడాది నుంచి టోర్నీ ఫ్లషింగ్ మెడోస్‌లోని హార్డ్ కోర్టులకు తరలిపోయింది. అక్కడి కోర్టు పారిస్‌లోని ఎర్రమట్టి కాదు, కాస్త వేగంగా ఉండే బూడిద పచ్చ మట్టి. అవతల ఉన్నది సొంత గడ్డ మీద ఆడుతున్న కానర్స్, మీ జాబితాలో నంబర్ వన్. మొదటి సెట్‌ను 6-2తో కానర్స్ లాగేసుకున్నాడు. రెండోది 6-3తో విలాస్‌ది. మూడోది టైబ్రేక్ దాకా వెళ్ళింది, దాన్నీ విలాస్ నిలబెట్టుకున్నాడు. నాలుగో సెట్‌లో కానర్స్‌కు ఒక్క గేమూ రాలేదు: 6-0. ఆఖరి పాయింట్లో కానర్స్ కొట్టిన బంతి బయటపడిందని పిలుపు వినిపించిందో లేదో, ప్రేక్షకులు కోర్టులోకి దూకి ఆ ఎడమచేతివాటం ఆటగాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. గెలిచినవాడు అమెరికన్ కాదు, ఓడినవాడు అమెరికన్. అప్పటి మీ జాబితా మాత్రం ఆ ఓడినవాడినే నంబర్ వన్‌గా ఉంచింది, ఏడాది చివరిదాకా.

అక్కడితోనూ ఆగలేదు. పారిస్‌లో మరో టోర్నీ, టెహ్రాన్, బొగోటా, సాంటియాగో, బ్యూనస్ ఐరీస్, జొహానెస్‌బర్గ్ కలుపుకుని ఆ ఏడాది విలాస్ గెలిచిన టైటిళ్ళు 16. మధ్యలో వరుసగా 46 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడాడు. ఒక్క మట్టి కోర్టుల వరకే చూస్తే వరుస విజయాలు 53. దాన్ని రఫేల్ నాదల్ దాటడానికి 2006 దాకా పట్టింది.

ఆ రెండు పరంపరలూ తెగిన తీరు కూడా చెప్పాలి. అక్టోబరు మొదట్లో ఫ్రాన్స్‌లోని ఎక్సాన్ ప్రొవాన్స్‌లో జరిగిన ఫైనల్లో ఇలీ నస్టాసే ‘స్పగెట్టీ’ రాకెట్టుతో దిగాడు. మామూలు రాకెట్టులో అడ్డ తీగలు, నిలువు తీగలు ఒకదానిలోంచి ఒకటి అల్లుకుని ఉంటాయి. ఇందులో అల్లిక లేకుండా తీగలను రెండు పొరలుగా బిగించి, ప్లాస్టిక్ గొట్టాలు తొడిగారు. తీగలు జారి మళ్ళీ వెనక్కి లాగడంతో బంతికి విపరీతమైన స్పిన్ వచ్చేది. బంతి ఎటు లేస్తుందో అవతలివాడికి అంతుపట్టేది కాదు. రెండు సెట్లు పోగొట్టుకున్నాక విలాస్ ఇక ఆడనని బయటికి వచ్చేశాడు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఆ రాకెట్టును నిషేధించడానికి ఎక్కువ రోజులు తీసుకోలేదు. తీగల విషయంలో అంత చురుగ్గా కదలగలిగిన ఆట, అంకెల విషయంలో దశాబ్దాలు గడిచినా కదలకపోవడం నాకు వింతగా తోస్తుంది.

ఇప్పుడు అవతలి పక్షం. విలాస్‌కు వ్యతిరేకంగా చెప్పే మాటల్లో బలమైనది బోర్గ్ గురించిన మాటే. బోర్గ్ ఆ ఏడాది వింబుల్డన్ గెలిచాడు, అదీ ఫైనల్లో కానర్స్ మీద ఐదు సెట్ల పోరులో. నీస్, మోంటే కార్లో, బార్సిలోనా, బాసెల్ వంటి టోర్నీలూ అతడివే. నీస్ ఫైనల్లో మట్టి మీదే విలాస్‌ను ఓడించాడు. సీజన్ ముగింపు టోర్నీ అయిన మాస్టర్స్ 1978 జనవరిలో జరిగితే అక్కడ సెమీఫైనల్లోనూ వరుస సెట్లలో ఓడించాడు. పారిస్‌లో బోర్గ్ గానీ కానర్స్ గానీ ఆడలేదు కాబట్టి విలాస్ ఫ్రెంచ్ ఓపెన్‌కు పూర్తి విలువ కట్టలేమని కూడా అంటారు. ఇద్దరూ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు అనేదే ప్రశ్న అయితే నేను కూడా బోర్గ్ అనే అంటాను.

అయితే సీజన్ అంటే రెండు మూడు ముఖాముఖి మ్యాచ్‌లు కాదు. బోర్గ్ ఆ వేసవిలో అమెరికాలో వరల్డ్ టీమ్ టెన్నిస్ అనే జట్ల లీగ్‌తో చేసుకున్న ఒప్పందానికి కట్టుబడి పారిస్‌కు రాలేదు. అది అతడి నిర్ణయం. అమెరికన్ ఓపెన్‌లో నాలుగో రౌండ్లో డిక్ స్టాక్‌టన్‌తో ఆడుతూ భుజం నొప్పితో తప్పుకున్నాడు. అది అతడి దురదృష్టం. రెండింటికీ సానుభూతి చూపవచ్చు, కానీ ఆడని టోర్నీకి మార్కులు వేయడం ఏ పరీక్షలోనూ లేదు. రాని ప్రత్యర్థుల పేరు చెప్పి, వచ్చి గెలిచినవాడి విలువ తగ్గించడం మొదలుపెడితే ఏ కాలపు టైటిలూ నిలవదు. జనవరి నుంచి డిసెంబరు దాకా, ఖండాలు దాటి, గ్రాస్ మీదా, మట్టి మీదా, ఇండోర్ కార్పెట్ మీదా ఎవరు ఎక్కువ గెలిచారు, పెద్ద వేదికల మీద ఎవరు నిలిచారు అని చూస్తే నా తీర్పు విలాస్‌కే. బోర్గ్‌కు ఓటు వేసినవాళ్ళను తప్పుపట్టను; 1977లో మీ అవార్డు అతడికి వెళ్ళడంలో అన్యాయం కనిపించదు.

కానర్స్ సంగతి వేరు. అతడి పట్టుదలను మెచ్చనివారుండరు. డాలస్‌లో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్ టెన్నిస్ ఫైనల్స్‌నూ, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మాస్టర్స్‌నూ గెలిచాడు. మాస్టర్స్ ఫైనల్లో ఓడించింది బోర్గ్‌నే. కానీ ఆ మాస్టర్స్‌లోనే, గ్రూపు దశలో విలాస్ చేతిలో మూడు సెట్లలో ఓడాడు. నాలుగు పెద్ద టోర్నీలైన గ్రాండ్‌స్లామ్‌లలో ఆ ఏడాది ఒక్కటీ లేదు, బోర్గ్, విలాస్ ఇద్దరి చేతుల్లోనూ గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో ఓటమి ఉంది. సీజన్‌లో ఉత్తముడు కానర్స్ అని అప్పటి మీ అవార్డే అనలేదు. ఇది ఒక్క ఏడాది ముచ్చట కాదు. 1975 నుంచి 1978 వరకు నాలుగేళ్ళూ సంవత్సరాంతపు కంప్యూటర్ జాబితాలో మొదటి పేరు కానర్స్‌దే; అదే నాలుగేళ్ళలో మీ ఉత్తమ ఆటగాడి అవార్డు ఒకసారి ఆర్థర్ యాష్‌కు, మూడుసార్లు బోర్గ్‌కు వెళ్ళింది. అంటే కంప్యూటర్ చెప్పే నంబర్ వన్ వేరు, సీజన్‌లో ఉత్తముడు వేరు అని మీ సంస్థ అప్పట్లో తానే ఒప్పుకుని నడిచింది. ఈనాడు మాత్రం పాత సీజన్ పేరెత్తితే సంవత్సరాంతపు ర్యాంకు ఒక్కటే ముందుకు వస్తుంది. అవార్డుల జాబితాను వేరే చోట వెతుక్కోవాలి.

ఆ కంప్యూటర్ ఎందుకు అలా చెప్పిందో తెలిసినవారు తక్కువ. 1973 ఆగస్టు 23న మొదలైన మీ ర్యాంకింగ్, 1980ల చివరిదాకా సగటు మీద నడిచింది. గడచిన 52 వారాల్లో వచ్చిన పాయింట్లను ఆడిన టోర్నీల సంఖ్యతో భాగించేవారు. ఎంత తక్కువ ఆడినా 12తో భాగించాల్సిందే. ఊహించిన అంకెలతో చెబుతాను. ఒక ఆటగాడు 12 టోర్నీలు ఆడి 720 పాయింట్లు తెచ్చుకున్నాడనుకుందాం, సగటు 60. మరొకడు 25 టోర్నీలు ఆడి 1,400 తెచ్చుకున్నాడు, సగటు 56. రెట్టింపుకు దగ్గరగా పాయింట్లున్నవాడు వెనకబడ్డాడు. ఇప్పుడు ఈ రెండోవాడు మరో చిన్న టోర్నీకి వెళ్ళి, ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచి 40 పాయింట్లు తెచ్చుకుంటే, 1,440ని 26తో భాగించగా సగటు 55.4కు పడిపోతుంది. గెలిచి వచ్చినందుకు ర్యాంకు దిగిపోయే లెక్క ఇది. ఏడాది పొడవునా ఊరూరూ తిరిగి ఆడిన విలాస్‌కు ఈ సూత్రం ఎక్కడ తగిలిందో వేరే చెప్పనక్కరలేదు. ఈ పద్ధతిని 1990లో మీరే వదిలేసి, మెరుగైన ఫలితాలను మాత్రమే లెక్కించే పద్ధతికి మారారు.

అయినా సరే, 1977 సంవత్సరాంతపు ర్యాంకును మార్చమని నేను అడగడం లేదు. అప్పటి నియమం అది. దాని ప్రకారం సరిగ్గా లెక్కవేస్తే కానర్స్ పేరే వస్తే అది అలాగే ఉండాలి. నేటి సూత్రంతో నిన్నటి సీజన్‌ను తిరగరాయడం ఎవరికీ మంచిది కాదు. చాలామంది విలాస్ అభిమానులు ఇక్కడే పొరబడుతున్నారు, ఆ పొరపాటు మీకు సాకుగా పనికొస్తోంది. 1977లో ఎవరు గొప్ప అన్నది అభిప్రాయం, తెగదు. 1975, 76లలో కొన్ని వారాల పాటు నంబర్ వన్ ఎవరు అన్నది కూడిక, భాగహారం. తెగుతుంది. మొదటిది తెగదు కాబట్టి రెండోదాన్నీ ముట్టుకోబోమన్నట్టుగా ఉంది మీ వైఖరి.

ఆ రెండో ప్రశ్నను తేల్చడానికి అర్జెంటీనా పాత్రికేయుడు ఎడ్వర్డో పుప్పో, రుమేనియా గణిత నిపుణుడు మరియన్ చుల్పాన్ ఏళ్ళ తరబడి కూర్చున్నారు. తొలి ఏళ్ళలో మీ సంస్థ ర్యాంకింగులను ఇప్పటిలా వారం వారం ప్రకటించేది కాదు. 1973 ఆగస్టు నుంచి 1978 చివరిదాకా గడచిన వారాల్లో సగానికి కూడా జాబితా వెలువడలేదు. ఆ ఖాళీ వారాలకు, అప్పటి నియమాలతోనే, అప్పటి ఫలితాలతోనే వారు జాబితాలు కట్టారు. ఆ లెక్కలో 1975 సెప్టెంబరు చివరి నుంచి ఐదు వారాలు, 1976 జనవరిలో రెండు వారాలు, మొత్తం ఏడు వారాలు విలాస్ మొదటి స్థానంలో తేలాడు. కానర్స్ 1975లో ఆస్ట్రేలియా, వింబుల్డన్, అమెరికా ఫైనళ్ళు మూడింటిలోనూ ఓడిపోయాడని, ఆ ఏడాది గ్రాండ్ ప్రి పట్టికలో మొదటివాడు విలాసేనని గుర్తుంటే ఈ ఫలితం ఎవరికీ ఆశ్చర్యం కలిగించదు. చిత్రమేమిటంటే, అందరూ వాదులాడుకునే 1977 ఆ ఏడు వారాల్లో లేదు.

ఈ పత్రాలు మీ ముందుకు వచ్చాయి. 2015లో మీ సంస్థ ఇచ్చిన జవాబులో లెక్క తప్పని నిరూపించినదేమీ లేదు. పాత ర్యాంకింగులను తిరిగి సవరించబోమన్నదే దాని సారాంశం. ఇక్కడ నాకొక సందేహం. కానర్స్ 1974 జులై 29 నుంచి 1977 ఆగస్టు 22 వరకు వరుసగా 160 వారాలు నంబర్ వన్‌గా ఉన్నాడని మీరే చెబుతారు. రోజర్ ఫెదరర్ 2007లో దాన్ని దాటినప్పుడు అంత ఘనంగా చెప్పుకున్నదీ ఈ 160నే. ఆ 160 వారాల్లో ఎన్నో వారాలకు జాబితాయే లేదు కదా! జాబితా లేని వారాన్ని కానర్స్ ఖాతాలో ఎలా వేశారు? పాత జాబితా కొత్తది వచ్చేదాకా అమల్లో ఉన్నట్టు భావించి వేశారు. అంటే ఆ వారాలకు ఇప్పటికే వెనక్కి వెళ్ళి ఒక పేరు రాశారు, ఆటగాళ్ళ ఫలితాలు చూడకుండా రాశారు. ఫలితాలు చూసి రాసినదాన్ని మాత్రం చరిత్రను సవరించడం అంటున్నారు. ప్రకటించని జాబితాను లెక్కలోకి తీసుకోలేమంటే అది ఒక పద్ధతే. అప్పుడు ఆ వారాలను ఎవరి పేరా రాయకుండా ఖాళీగా ఉంచాలి, 160 అనే అంకెను వదులుకోవాలి. రెండూ కుదరవు.

చరిత్రను సవరించకూడదనే మాటకు మీ పక్కింట్లోనే జవాబుంది. మహిళల టెన్నిస్ సంస్థ డబ్ల్యూటీఏ, 1976లో ఇవాన్ గూలగాంగ్ రెండు వారాలు నంబర్ వన్‌గా ఉండాల్సిందని, అప్పటి కాగితాలు అసంపూర్తిగా ఉండటం వల్ల అది లెక్కకు రాలేదని గుర్తించి, 2007లో ఆమె పేరును అధికారికంగా చేర్చింది. 31 ఏళ్ళ తర్వాత! దాని వల్ల అప్పట్లో నంబర్ వన్‌గా ఉన్న క్రిస్ ఎవర్ట్ గొప్పతనం రవ్వంత కూడా తగ్గలేదు. ఆ తర్వాత ప్రతి పాత క్రీడాకారిణీ దస్తావేజులు పట్టుకుని తలుపు తట్టిందీ లేదు.

ఒక అంకె కోసం ఇంత గొడవ ఎందుకని మీ సభ్యుల్లో ఎవరైనా అనుకోవచ్చు. ఆ అంకెల మీదే ఆటగాళ్ళ బతుకులు నడుస్తాయని మీకంటే ఎక్కువ తెలిసినవారు లేరు. మా తెలుగు ఆటగాడు సాకేత్ మైనేని 2016లో అమెరికన్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాలంటే క్వాలిఫయింగ్ రౌండ్లు దాటుకుని రావలసి వచ్చింది; అతడికి నేరుగా చోటు దొరక్కపోవడానికి కారణం ర్యాంకు, మరొకటి కాదు. ఇప్పుడు ఆడేవాళ్ళ దగ్గర ఒక్కో పాయింటునూ అంత కచ్చితంగా లెక్కపెట్టే సంస్థ, అప్పుడు ఆడినవాళ్ళ పాయింట్ల దగ్గరికి వచ్చేసరికి పోనీలే అనకూడదు.

అందువల్ల కోరుతున్నది ఇది. పుప్పో, చుల్పాన్ సమర్పించిన వారంవారీ జాబితాలను, మీ వద్ద మిగిలి ఉన్న అప్పటి మూలపత్రాలతో పాటు, మీకూ వారికీ సంబంధం లేని గణాంక నిపుణుల చేత పరిశీలింపజేయండి. పరిశీలనలో లెక్క తప్పని తేలితే ఎక్కడ తప్పో, ఏ వారం, ఏ టోర్నీ, ఎన్ని పాయింట్లో బయటపెట్టండి. నాతో సహా అడుగుతున్నవారంతా అక్కడితో ఊరుకుంటారు. సరైనదని తేలితే ఆ ఏడు వారాలనూ విలాస్ పేరిట రాయండి, కానర్స్ 160 వారాల పరంపర పక్కన తగిన వివరణ చేర్చండి. 1977 విషయంలో సంవత్సరాంతపు ర్యాంకును అలాగే ఉంచి, దాని పక్కనే మీ సంస్థ అవార్డు బోర్గ్‌కు దక్కిందన్న సంగతిని, గ్రాండ్ ప్రి పట్టికలో విలాస్ మొదటివాడన్న సంగతిని, ఆ ర్యాంకు సగటు పద్ధతిలో వచ్చిందన్న సంగతిని పాఠకుడికి కనబడేలా ముద్రించండి. వీటిలో ఏ ఒక్కదానికీ నియమావళిని మార్చనక్కరలేదు.

1952లో పుట్టిన విలాస్‌కు ఇప్పుడు డెబ్బై ఏళ్ళు దాటాయి. గూలగాంగ్‌కు తన రెండు వారాల సంగతి తెలిసేనాటికి యాభై ఆరేళ్ళు. పరిశీలనకు ఒక గడువు పెట్టి, ఆ తేదీని ముందుగానే ప్రకటించవలసిందిగా మనవి.

ఇట్లు,
తెలుగు టెన్నిస్ అభిమాని ఒకరు